కొండ ఊళ్ల ప్రదర్శనశాలలు – మన అటకల మీది సామాను

మన పత్రికలో సాధారణంగా నూలు ధరలు, రంగుల కొరత, సంఘాల బకాయిలు, సర్వసభ్య సమావేశాల తీర్మానాలు మొదలైనవే వ్రాస్తూ ఉంటాము. ఈ సంచికలో ఆ కష్టాలను కొంచెంసేపు పక్కనబెట్టి, చిన్న చిన్న ప్రదర్శనశాలలను గురించి వ్రాయదలచాము. "మ్యూజియం చూచివస్తే మజూరీ వస్తుందా?" అని అడిగేవారు మనలో లేకపోలేదు. మజూరీ రాదు. కాని వాటిని చూడకపోవడం వల్ల, చూచినా నేతగాని కన్నుతో చూడకపోవడం వల్ల, మనకు జరుగుతున్న నష్టం ఒకటి ఉన్నది. అదేమిటో మాకు కూడా మొన్న మొన్ననే తెలియవచ్చినది.

మా సంఘసభ్యులు కొందరు సింహాచలం అప్పన్న దర్శనానికి వెళ్లాలని చాలాకాలంగా అనుకుంటున్నారు. చాంపియన్ రీఫ్స్ నుండి సింహాచలం దగ్గర ఊరు కాదు. బంగారుపేటలో బండి ఎక్కి, మద్రాసులో బండి మారి, మరునాటికిగాని విశాఖపట్నం చేరలేము. అంతదూరం పోయినవారం అరకులోయ కూడా చూచి వద్దామని పెద్దలు, పిల్లలు పట్టుబట్టగా, దర్శనమైన మరునాడు తెల్లవారుజామున కిరండూల్ పోయే బండి ఎక్కాము. ఈ రైలుదారిని 1960 దశకంలో బైలడీలా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపడానికి వేశారు. యాభైకి పైగా సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టేవారు. మాతో వచ్చిన పెద్దలలో ఇద్దరు తమ యౌవనంలో బంగారు గనిలో దిగినవారు. వారు మాత్రం "ఇదేమి చీకటి!" అని నవ్వుకున్నారు.

అరకులోయలో ఉన్న గిరిజన ప్రదర్శనశాల 1996లో ఏర్పడినది. పట్టణాలలోని పెద్ద మ్యూజియంల వలె చలువరాతి మెట్లు, ఎత్తయిన స్తంభాలు దానికి లేవు. మట్టిపూతతో, కొండవారి ఇళ్ల పోలికలో కట్టారు. లోపల నిలువెత్తు బొమ్మలు. ఒకచోట ఇల్లాలు వంట చేస్తున్నది, ఒకచోట వేటకు పోతున్నారు, ఒకచోట ఆడవారు చేతులు పెనవేసుకొని ధింసా ఆడుతున్నారు. పక్కనే విల్లంబులు, బుట్టలు, వంటపాత్రలు, నగలు. ఏనుగు దంతాలు, రాజుల కిరీటాలు, తైలవర్ణ చిత్రాలు ఏమీ లేవు. అన్నీ వాడి వాడి అరిగిన వస్తువులే. మా పిల్లలు మొదట "ఇవేనా?" అన్నారు. ఐదు నిమిషాలకు ప్రతి బుట్ట ముందూ నిలబడి, ఇది దేనికి, అది దేనికి అని అడగడం మొదలుపెట్టారు.

ఈ రకపు ప్రదర్శనశాలలు మన తెలుగునాట మరికొన్ని ఉన్నవి. శ్రీశైలంలో చెంచులక్ష్మి పేర ఒకటి కలదు. శివదర్శనానికి వెళ్లినవారు ఒక గంట తీరిక చేసుకుంటే చూచి రావచ్చును. హైదరాబాదు మాసాబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉన్నది. 1940లో కొమరం భీం నేలకొరిగిన జోడేఘాట్‌లో ఆయన స్మారకంగా కట్టినది ఇంకొకటి, గోండుల వస్తువులతో. మాకు దగ్గరలో చెప్పుకోవాలంటే నీలగిరులలో ఉదకమండలం పక్కన పాలాడ వద్ద గిరిజన పరిశోధన కేంద్రం వారిది ఉన్నది. నీలగిరులంటే నేతవారు తెలుసుకోదగిన సంగతి ఒకటి జ్ఞాపకం వస్తున్నది. తోడా స్త్రీలు తెల్లటి గుడ్డమీద ఎర్ర, నల్ల దారాలతో కుట్టే పనిని చూచి మనలో చాలామంది అది మగ్గం మీద తీసిన బుటా అనే అనుకుంటారు. నిజానికి వారు మగ్గం ఎరుగరు. బయట నేసిన ముతక గుడ్డను కొని, పడుగు పేకల పోగులు లెక్కపెట్టుకుంటూ, వెనుకవైపు నుండి సూదితో కుడతారు. ముందుగా గీసుకున్న బొమ్మ లేదు. లెక్క అంతా తలలోనే. ఆ పనికి 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది.

అరకులో ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడు మా మనసు వాటి మీది గుడ్డలపైకి పోయినది. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ లోయలోను, దానికి ఆనుకొని ఉన్న ఒడిశా కోరాపుట్ కొండలలోను గదబవారు ఉన్నారు. వారి ఆడవారు తరతరాలుగా తమ గుడ్డ తామే నేసుకొనేవారు. దానిని కేరంగు గుడ్డ అంటారు. అడవిలో కేరంగు అనే పొద ఉంటుంది. దాని కొమ్మలు తెచ్చి, బెరడు తీసి, నార వలిచి, చేతితోనే పురిపెట్టి దారం చేసేవారు. దానికి పత్తినూలు కలిపి ఎరుపు, నీలం, తెలుపు చారలు వచ్చేటట్లు నేసేవారు. మగ్గమంటే మన గుంటమగ్గం కాదు. నాలుగైదు కర్రలు. నేలమీద కూర్చుండి, కాళ్లు చాచుకొని నేయవలసినదే. పలక లేదు, పావుకోళ్లు లేవు. ఎడ్గార్ థర్స్టన్ దొర 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో గదబ స్త్రీల ఈ గుడ్డను గురించి వ్రాశాడు. వారి పొరుగున ఉన్న బొండా స్త్రీలు కూడా ఇదే నారతో నడుముగుడ్డ నేసుకుంటారు.

సంతలో చీర దొరికిన తరువాత కేరంగు తగ్గిపోయినది. ఇందులో తప్పు ఎవరిది అనలేము. పొద వెదికి, నార తీసి, దారం వడికి, నేసి ఒక గుడ్డ చేసుకోవడానికి పట్టే రోజులెన్ని? సంతలో ఒక పూట కూలితో దొరికేది అంత కష్టపడి ఎవరు నేస్తారు? మనమూ అంతే కదా. మన ఇళ్లలో మన చేతినేత కట్టేవారెందరో ఒకసారి లెక్క వేసుకుంటే తల వంచుకోవలసి వస్తుంది.

ఆ కొండలలోనే దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా ఉన్నది. కోరాపుట్ జిల్లాలో కోట్‌పాడ్ అనే ఊరు. అక్కడి మిర్గాన్ నేతవారు చుట్టుపక్కల గిరిజనులకు తరతరాలుగా గుడ్డ నేసి ఇస్తున్నారు. నూలును ఆముదంలో, కట్టెబూడిద నీళ్లలో, పేడలో మళ్లీ మళ్లీ నానబెట్టి, ఎండబెట్టి, వారాల తరబడి శుద్ధి చేస్తారు. తరువాత ఆల్ చెట్టు వేరుబెరడుతో అద్దకం. మన తొగరుచెట్టు ఆ జాతిదే. ఎరుపు, కావి, దానికి ఇనుము కలిపితే నలుపు. ఇవే రంగులు. ఈ గుడ్డకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒడిశాలో ఆ గుర్తింపు పొందినవాటిలో ఇదే మొదటిది. కేరంగు నేసినవారికీ, కోట్‌పాడ్ నేసినవారికీ మధ్య పనితనంలో తేడా ఏమీ లేదని మా అభిప్రాయం. ఒకరు తమ ఒంటికోసమే నేసుకున్నారు, ఒకరు ఇతరులకు అమ్మారు. అమ్మినవారి చేతిలో పని మిగిలినది. ఒంటికోసం నేసుకున్నవారి పని గాజుపెట్టెలోకి పోతున్నది.

ఇంతవరకు చెప్పినది ప్రయాణపు ముచ్చట. అసలు సంగతి ఇప్పుడు చెపుతాము.

తిరుగు ప్రయాణంలో ఒక ఊరిలో దిగి మరొక చిన్న ప్రదర్శనశాలను చూచాము. దాని పేరుగాని, ఊరి పేరుగాని ఇక్కడ అనవసరం. ఎందుకంటే దానిని నడిపేవారు మంచి మనసుతోనే నడుపుతున్నారు. ఒక గదిలో పల్లెటూరి వృత్తులు పెట్టారు. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, చివరన మన మగ్గం. దాని ముందు కూర్చున్న నేతగాని బొమ్మకు మీసాలు, తలపాగా. పిల్లలు సంతోషపడి ఫోటోలు తీసుకుంటున్నారు. మాతో వచ్చిన వారిలో అందరికంటె పెద్దాయన, డెబ్బదియేండ్లు దాటినవాడు, దగ్గరకు పోయి అటు ఇటు చూచి పకపక నవ్వాడు.

"ఏమప్పా సెక్రటరీ, దీని మీద తుండుగుడ్డ కూడా దిగదే!" అన్నాడు.

చూచాము. పన్నె పట్టిన పలకను అచ్చులకు ఆవలివైపు బిగించారు. నేతగాని వైపు అచ్చులు, వాటి వెనుక పన్నె. పేక ఎట్లా కొట్టాలో ఆ భగవంతునికే తెలియాలి. సిమెంటు నేల కాబట్టి గుంట లేదు. పావుకోళ్లు నేలను తాకకుండా ఉరివేసినట్లు వేలాడుతున్నవి. బొమ్మ ముక్కాలిపీట మీద కూర్చున్నది. నాడెలో కండె లేదు. పడుగు పోగులు లెక్కకు నూరు కూడా ఉండవు, అవి కూడా నైలాను దారం.

మేము కూడా నవ్వాము. పెద్దాయన నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయినది. బయటకు వచ్చి చెట్టుకింద కూర్చున్న తరువాత, "మనం చచ్చినాక దీన్నే మగ్గమనుకుంటారప్పా" అన్నాడు. ఆ మాటకు మాలో ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

తరువాత విచారించగా తెలిసినదేమంటే, ఆ మగ్గాన్ని ఎవరో ఇంటి అటక మీదినుంచి దింపి ఇచ్చారు. ఇచ్చినవారి తండ్రి నేసేవాడు. కొడుకులకు నేత రాదు. విడిభాగాలు మూటగట్టి ఇచ్చారు, వడ్రంగిని పిలిచి బిగించారు. వడ్రంగి తనకు తోచినట్లు బిగించాడు. ఇందులో దొంగలెవరూ లేరు, ద్రోహులెవరూ లేరు. వస్తువు భద్రంగానే చేరినది. దానితోబాటు రావలసిన మాట రాలేదు. అంతే.

మగ్గం సంగతి సరే. ఇంతకంటె చిన్న వస్తువుల గతి ఏమి? శ్రీకాకుళం వైపు పొందూరు ఖద్దరు గురించి మన చదువరులు వినే ఉంటారు. అక్కడి ఆడవారు కొండపత్తిని, ఎర్రపత్తిని వడకడానికి ముందు, గింజ చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముకలో సన్నటి పళ్లు దగ్గర దగ్గరగా ఉంటవి. ఇనుప దువ్వెన చేయలేని పనిని అది చేస్తుంది. ఆ దవడను ఒక గాజుపెట్టెలో పెట్టి, కింద "చేప దవడ" అని చీటీ అంటించారనుకోండి. చూచేవాడు ఇది చేపల శాఖ వారిదేమో అనుకొని పోతాడు. దానిని పట్టుకొనే తీరు, దువ్వే తీరు, ఎన్నాళ్లకు అరిగిపోతుంది, ఏ చేప దవడ మంచిది, ఇవన్నీ ఎముకలో లేవు. దువ్వే అవ్వ నోటిలోను, చేతిలోను ఉన్నవి.

బొమ్మలకు కూడా ఇదే ఇబ్బంది. సీతంపేట కొండలలోను, వాటి ఆవలి ఒడిశాలోను ఉన్న సవరలు ఇంటి మట్టిగోడ మీద వరిపిండితో మనుషులను, చెట్లను, జంతువులను చిన్నచిన్నగా వ్రాస్తారు. అలంకారానికి వ్రాసేది కాదు. దేవతలకో, చనిపోయిన పెద్దలకో మొక్కుగా వ్రాసేది. ఇప్పుడవి కాగితం మీద, గుడ్డమీద కూడా వ్రాసి అమ్ముతున్నారు. మంచిదే, నాలుగు రూపాయలు వస్తున్నవి. కాని గోడమీద ఎవరికోసం వ్రాశారో ఆ పేరు కాగితం మీదికి రాదు. ప్రదర్శనశాలవారు ఆ పేరు కూడా అడిగి వ్రాసుకుంటే ఆ బొమ్మకు సగం ప్రాణం నిలుస్తుంది.

ఇవన్నీ చదువుకున్న పండితులు చేయవలసిన పనులు, మగ్గం మీద కూర్చునేవారికెందుకు అని ఎవరైనా అంటారేమో. వారికి నార్వే దేశపు సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ లిల్లేహామర్ అనే ఊరిలో ఆండర్స్ సాండ్విగ్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. 1885లో ఆ ఊరికి వచ్చాడు. కొండలోయలలోని పల్లెలకు వెళ్లి రైతుల పళ్లు పీకడం, కట్టడం ఆయన పని. వెళ్లిన ప్రతి ఇంటిలోను పాత సామాను మూలనపడి ఉండడం చూచాడు. 1887 నుండి వాటిని కొని పోగుచేయడం మొదలుపెట్టాడు. చెక్కడపు పెట్టెలు, గిన్నెలు, పనిముట్లు, తరువాత పాత కొయ్య ఇళ్లే విప్పించి తెచ్చి తన తోటలో తిరిగి కట్టించాడు. తోట చాలక, ఊరివారు కలిసి స్థలమిచ్చి 1904లో మైహౌగెన్ అనే ప్రదర్శనశాలగా తెరిచారు. ఇప్పుడు అక్కడ రెండువందల వరకు కట్టడాలు ఉన్నవి. వేసవిలో కొండపైకి పశువులను తోలుకుపోయినప్పుడు ఉండే పాకలు కూడా తెచ్చి పెట్టారు. మాకు బాగా నచ్చిన సంగతి మరొకటి. సాండ్విగ్ పనివాండ్ర కార్ఖానాలను కూడా, పనిముట్లతో సహా, ఉన్నవి ఉన్నట్లు సేకరించాడు. ఆయన పండితుడూ కాదు, జమీందారూ కాదు. పళ్లు పీకే డాక్టరు.

మన దక్షిణాదిలో ఈ పద్ధతిలో నడుస్తున్నది దక్షిణచిత్ర. మద్రాసుకు దక్షిణాన ముట్టుకాడు వద్ద సముద్రపు ఒడ్డున 1996 డిసెంబరులో తెరిచారు. అరకు ప్రదర్శనశాల ఏర్పడిన సంవత్సరమే. అక్కడ కొయ్యలగూడెం చిటికీ నేతవారి ఇల్లు ఉన్నది. కోస్తా హరిపురం నుండి గుండ్రటి మట్టి ఇల్లు ఉన్నది. కంచి నేతగాని ఇల్లు, ఇల్కల్ నేతగాని ఇల్లు కూడా ఉన్నవి. కోలారు వైపువారికి మద్రాసు ఒక పూట ప్రయాణం. పిల్లలను తీసుకుపోదలచినవారు ఆగస్టు 7, జాతీయ చేనేత దినం చుట్టుపక్కల పోతే బాగుంటుంది. ఆ దినం 2015 నుండి జరుపుతున్నారు. పోయినవారు ఊరకే చూచి రాక, ఇంటిలో ఏ మూల ఏది ఉండాలో అది ఉన్నదా అని పరిశీలించి రావలెనని మా మనవి. ఎక్కడైనా తప్పు కనబడితే అక్కడివారికి మర్యాదగా చెప్పండి. మేము ఆ పేరు చెప్పని ఊరిలో సందర్శకుల పుస్తకంలో అరపుట వ్రాసి, పెద్దాయన చేత సంతకం పెట్టించి వచ్చాము. పన్నె ఎటువైపు ఉండాలో చిన్న బొమ్మ కూడా గీసి ఇచ్చాము.

తిరిగి వచ్చిన తరువాత మా గతం మాకు గుర్తుకు వచ్చినది. దాచి లాభం లేదు. కొన్నేండ్ల క్రిందట మా సంఘపు గిడ్డంగికి సున్నం వేయించినప్పుడు మూలనున్న పాత సామానంతా బయటకు తీయించాము. చెక్క ఆసులు, నాణెలు చీల్చి కట్టిన పాత పన్నెలు ఒక కట్ట, జకార్డు రాకముందు బుటాలకు వాడిన జాల ఒకటి, గంజి పెట్టే కుంచెలు రెండు మూడు. ఇనుపపన్నెలు వచ్చిన తరువాత వాటితో పనేమని కట్టెల కింద అమ్మివేశాము. రసీదు మా దస్తావేజులలో ఇప్పటికీ ఉన్నది. మొత్తం ఎంతో వ్రాస్తే మీరు నవ్వుతారు. అమ్మినవారం మేమే, సంతకం మాదే. ఆ జాల కట్టగలిగిన ఆఖరి మనిషి అంతకు రెండేండ్ల ముందే పోయాడు. కాబట్టి ఆ జాల ఎట్లా కడతారో ఇప్పుడు మా ఊరిలో చెప్పేవారు లేరు.

చాంపియన్ రీఫ్స్‌లో ఉండి మాకీ బుద్ధి ముందే రావలసినది. ఒక వృత్తి ఒక్కరోజుతో ముగియడమంటే ఏమిటో ఈ ఊరికి తెలిసినట్లు ఇంకే ఊరికీ తెలియదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చిన గనులు. 1902లోనే శివసముద్రం నుండి కరెంటు తెచ్చుకున్నవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినవి. 1965లో ఆ పాతాళంలోనే శాస్త్రజ్ఞులు వాయుమండలం నుండి వచ్చే న్యూట్రినో కణాల జాడ పట్టారు. అట్టి గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. మరునాటినుండి హెల్మెట్లు, దీపాలు, టోకెన్ బిళ్లలు, పనిముట్లు పాత ఇనుము వాని బండి ఎక్కడం చూచాము. మా నేత కుటుంబాలలోను కొందరి తాతలు మగ్గం వదిలి గనిలో దిగినవారే. ఆ ఇళ్లలో అటక మీద ఒకవైపు కార్బైడ్ దీపం, ఒకవైపు నాడె దొరికినా ఆశ్చర్యం లేదు.

దేశం మొత్తం మీద చేనేత లెక్కలు చూడండి. 1995-96 గణనలో చేనేత పనివారు 65 లక్షలు దాటి ఉన్నారు. 2009-10లో 43 లక్షల పైచిలుకు. 2019-20 నాలుగవ గణనలో 35 లక్షల 22 వేలు. గని ఒక్కరోజులో మూతపడినది. మనది మెల్లమెల్లగా మూతపడుతున్నది కాబట్టి చప్పుడు వినబడదు. నేత బ్రతకాలి, దానికోసమే ఈ సంఘాలు, ఈ పత్రిక. కాని బ్రతికించే పని చేస్తూనే, చేతిలో ఉన్న విద్యను వ్రాసి పెట్టుకోవడం కూడా ఒక పనేనని ఇప్పుడు మాకు తోస్తున్నది.

కాబట్టి మా సంఘ కార్యాలయంలో వెనుక గది ఒకటి ఖాళీ చేశాము. పదడుగుల గది. ప్రదర్శనశాల అని బోర్డు పెట్టలేదు, అంత గొప్ప ఏమీ లేదు. సభ్యులు పారవేయదలచిన ఏ పనిముట్టునైనా ముందుగా ఇక్కడికి తెమ్మన్నాము. తెచ్చినదానికి ఒక అట్టచీటీ కడుతున్నాము. దానిపై వ్రాసేది ఇది: ఆ ఇంటిలో దానిని ఏమని పిలిచేవారు, ఎవరు వాడారు, ఎక్కడ చేయించారు, ఎన్నో నంబరు నూలుకు, ఏ గుడ్డకు, దానిని పట్టుకొనేది ఎట్లా, బిగించేది ఎటువైపు. ఆఖరి రెండూ ముఖ్యం. తెచ్చినవారికి తెలియకపోతే తెలిసినవారిని వెదికి అడగడం మా పని. పెద్దవారు చేసి చూపుతూ ఉంటే చేతులు మాత్రం కనబడేటట్లు పిల్లలచేత సెల్‌ఫోన్‌లో తీయిస్తున్నాము. ముఖం చూపడానికి సిగ్గుపడే అవ్వలు చేతులు చూపడానికి ఒప్పుకుంటున్నారు.

కొయ్య సామానుకు చెదలు పెద్ద శత్రువు. నేలమీద పెట్టక రాతిపలకల మీద పెట్టి, వేపాకు వేసి, నెలకొకసారి ఎండ చూపుతున్నాము. పట్టుబట్టలైతే ఎండ పనికిరాదు, నీడనే గాలి తగలనిచ్చి, మడత మార్చి పెట్టాలి. ఒకే మడతలో ఏండ్లు ఉంటే ఆ గీత వెంబడి చిరుగుతుంది. ఇది మీకు కొత్త కాదు.

గొర్రెలు మేపే కురుబవారి ఇంటినుండి ఒక పాత కంబళి వచ్చినది. మన కులం సామాను కాదుగదా అని ఒకరిద్దరు సభ్యులు గొణిగారు. మా జిల్లా గుట్టలలో ఉన్ని వడికిన ఆడవారి పనీ, గుంటమగ్గం మీద దానిని నేసి చింతగింజల గంజి పెట్టిన మగవారి పనీ మన పనికి అన్నదమ్ముల వరుసేనని చెప్పి తీసుకున్నాము. తెచ్చినాయన దానిని కప్పుకొనే నాలుగు తీరులు నిలబడి చూపించాడు. వానకు ఒక తీరు, చలికి ఒక తీరు, కాపలాకు కూర్చున్నప్పుడు ఒక తీరు, గొర్రెపిల్లను మోసేటప్పుడు ఒక తీరు. నాలుగూ తీసి పెట్టాము.

ప్రస్తుతానికి గదిలో ఉన్నవి ఆసు ఒకటి, నాడెలు ఆరు, పాత పన్నెలు మూడు, కుంచె ఒకటి, కంబళి ఒకటి, గనిదీపం ఒకటి, ఒక మగ్గపు విడిభాగాలు. మగ్గం ఇంకా బిగించలేదు. వడ్రంగిని పిలువవద్దని పెద్దాయన ఆంక్ష పెట్టాడు. గది నేల సిమెంటుది. గుంటకోసం రెండు మూరల మేర పగులగొట్టడానికి కార్యవర్గం గత సమావేశంలో అనుమతించినది. తాపీపని అయిన తరువాత వచ్చే ఆదివారం పెద్దాయన తన కోడలిని, మనుమని వెంటబెట్టుకొని వచ్చి అచ్చులు తానే కడతానన్నాడు. మగ్గం భాగాలు ఏవి ఎటువైపో పక్కనుండి వ్రాసుకోవడానికి మేము పుస్తకం, పెన్సిలు పట్టుకొని కూర్చోవాలి.